రాళ్ల మీది దారి

మలుపు తిరగ్గానే రాళ్లు కనిపిస్తాయి, కనిపించగానే ముందు నడిచేవాళ్లు ఆగిపోతారు, ఆగి వెనక్కి తిరిగి తన కోసం చూస్తారు, ఇదంతా ఛోకికి తెలుసు, తెలుసు గనకే ఆ మలుపు ఇంకా దూరాన ఉండగానే ఆమె నడక సగానికి పడిపోయింది. తగ్గించాలని తగ్గించింది కాదు, కాళ్లే తగ్గాయి. పొద్దున అడివిలోంచి బయల్దేరినప్పటి నుంచి మోకాళ్ల వెనక సన్నటి సలుపు, వీపుకి అంటుకుపోయిన సంచి, ఆ సంచిలో అందరి మందులూ, అందరి తాగునీళ్లూ, ఒక పక్కన ప్లాస్టిక్ అతికించిన ఆ ఫొటో. ఇది తేలిక దారి, మొదటిసారి కొండెక్కేవాళ్లకి ఇంతకన్నా మంచి లోయ లేదు, అమ్మమ్మలు కూడా నడవొచ్చు అని కాఠ్మాండూలో సుధీర్ దాయి, అందరూ అన్నా అని పిలిచే మనిషి, తన ట్రెక్కింగ్ ఆఫీసు గోడ మీద రాయించాడు. అందులో అబద్ధమేమీ లేదు, ఏటి పక్కనే దారి, మధ్యలో టీ కొట్లు, పడుకోడానికి వెచ్చటి రజాయిలు. అయినా మంచు కరిగింది మొదలు మళ్లీ మంచు పడేదాకా పైకీ కిందికీ అదే దారిన తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ అదే చోట ఆగుతూ ఉంటే ఎంత తేలిక దారైనా బరువెక్కక ఏమవుతుంది.

"నా కోసం ఆగొద్దు బహినీ, నేనిలా తాబేల్లాగానే వస్తాను," అంది పక్కన నడుస్తున్న శకుంతలా మేడమ్.

"మీ కోసం కాదు మేడమ్. ఇవాళ నేనూ తాబేలునే."

మేడమ్‌కి నవ్వడానికి ఊపిరి చాల్లేదు, చెయ్యి ఊపి ఊరుకుంది. బుట్వల్‌లో బీమా ఆఫీసు వాళ్లు వీళ్లు, ఆఫీసుకి పెద్ద ఈ మేడమ్, ఆమె కింద పనిచేసే ఇద్దరు అమ్మాయిలు, ఒకే నీళ్ల సీసా పంచుకుంటూ ఒకరి మాటకి ఒకరు నవ్వుకుంటూ నడిచేవాళ్లు, వాళ్లతో పాటు ప్రబిన్. బస్సు దిగినప్పటి నుంచి అందరికన్నా ముందు ప్రబినే, కొత్త బూట్లు, మెళ్లో ఫోను, ప్రతి వంతెన మీదా నిలబడి ఊగి చూసేవాడు. మంచివాడే. నిన్న ఒకమ్మాయి కాలు బెణికితే ఆమె సంచి కూడా తనే మోశాడు. కానీ నిన్నటి నుంచి అన్నం తింటున్నా, టీ తాగుతున్నా అదే అడుగుతున్నాడు, దిదీ, ఆ భూకంపం కథ ఎక్కడ చెప్తారు, రేపేనా, ఫోన్లో చార్జింగ్ దాని కోసమే దాచి ఉంచాను. చార్జింగ్ దాచి ఉంచాడట. ఆ మాట విన్నప్పుడు ఛోకి పప్పు వడ్డిస్తోంది, గరిటె ఒక్క క్షణం ఆగింది, మళ్లీ వంగింది, అతని పళ్లెంలో ఇంకొంచెం పప్పు పడింది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. మొదట్లో అసలు చెప్పేదే కాదు, భూకంపానికి కొండ విరిగి మీద పడి ఊరు పోయిన తర్వాతి ఏడాది, దారి మళ్లీ తెరిచిన కొత్తలో, ఒక ముసలి భార్యాభర్తల్ని పైకి తీసుకొచ్చింది, వాళ్లు ఏమీ అడగలేదు, ఈ రాళ్ల దగ్గర కూర్చుని బిస్కెట్లు తీశారు, ఆమెకీ ఒకటి ఇచ్చారు, బిస్కెట్ చేతిలో పట్టుకుని ఆమె ఉన్నట్టుండి మాట్లాడ్డం మొదలుపెట్టింది, ఏం చెప్పిందో ఇప్పుడు గుర్తులేదు, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి పోయిందో, ఏడ్చింది, వాళ్లూ ఏడ్చారు, బిస్కెట్ పిడికిట్లోనే పిండి అయిపోయింది. వాళ్లు కిందికి వెళ్లి సుధీర్ దాయికి చెప్పారు. ఆయన చెడ్డవాడు కాడు, మిగిలిన ఊరంతా కింద బౌద్ధ మఠం గుంబా ఆవరణలో టార్పాలిన్ల కింద పడి ఉన్నప్పుడు బియ్యం పంపినవాడు, ఎవరికీ పని లేనప్పుడు నీకు గైడు పని ఇస్తాను రా అన్నవాడు. ఇది లోకానికి తెలియాలి ఛోకీ అన్నాడు. తెలియాలి కదా అనుకుంది తనూ. పాత ఊరి ఫొటో ఒకటి ఎక్కడో సంపాదించి పెద్దది చేయించి, వానకి తడవకుండా ప్లాస్టిక్ వేయించి ఇచ్చాడు. దాన్ని ఎత్తి పట్టుకుంటే ఫొటోలోని కొండా ఎదురుగా ఉన్న కొండా కలవాలి, అప్పుడు చూసేవాళ్లకి కింద రాళ్లున్న చోట ఇళ్లు కనిపిస్తాయి, అందరూ ఒక్కసారి ఊపిరి లోపలికి పీలుస్తారు, ఆ పీల్చే చప్పుడు ఎప్పుడు వస్తుందో ఆమెకి తెలుసు, అక్కడ ఒక గుక్క సేపు ఆగడం కూడా అలవాటైంది. ఎవరూ నేర్పలేదు. పాట పాడేవాళ్లు ఊపిరి ఎక్కడ తీయాలో తెలుసుకున్నట్టు తనే తెలుసుకుంది. అలా తెలుసుకున్నానని గమనించిన రోజు లాడ్జికి వెళ్లి అన్నం తినలేదు.

అసలు ఆ శబ్దం తను వినలేదు, ఆ గాలి తను చూడలేదు. మొదట శబ్దం వచ్చింది, ఆ తర్వాత గాలి వచ్చింది, ఆ గాలికి ఎదుటి కొండ మీద అడివంతా పడుకుంది, ఈ మాటలు డికీవి, పిన్ని కూతురు డికీ ఆ పూట జడలబర్రెల్ని తోలుకుని పైమేతకి వెళ్లింది గనక బతికింది, అక్కణ్ణించి చూసింది, గుంబా ఆవరణలో ఒకే ఒకసారి దుప్పటి తల మీదుగా కప్పుకుని చెప్పింది, మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఎవరన్నా అడిగితే, అదిగో ఛోకి చెప్తుంది, నాకు పొయ్యి మీద పనుంది అంటుంది. ఛోకి ఆ రోజు కింద స్యాబ్రూలో ఉంది. పన్ను పీకించుకోడానికి వెళ్లింది. బుగ్గ వాచిపోయి ఉంటే యాంగ్చెన్ అక్క చూసి, దీనికి అంత దూరం పోవాలా, దారం ఇటివ్వు, తలుపుకి కట్టి ఒక్క తన్ను తంతాను అంది, అని మళ్లీ తనే ఉప్పు వేడిచేసి గుడ్డలో మూట కట్టి ఇచ్చింది, ఇస్తూ ఇస్తూ గుడ్డ మాత్రం తిరిగి తే, పారేసి రాకు అని గొణిగింది, లోపల అమ్మ దగ్గుతూనే ఉంది. భూమి ఊగినప్పుడు ఛోకి నోటినిండా దూది ఉంది. బుగ్గ మొద్దుబారి ఉంది. అందరూ వీధిలోకి పరిగెత్తి అరుస్తుంటే ఆమెకి అరవడానికి కూడా నోరు లేదు. ఇది కథలో ఉండదు. మొదట్లో ఒకటి రెండుసార్లు చెప్పింది, పన్ను అనగానే వినేవాళ్ల మొహాల్లో ఏదో నవ్వులాంటిది వచ్చి వెంటనే సిగ్గుపడి పోయేది, ఆ తర్వాత వాళ్లకి ఎలా వినాలో తెలిసేది కాదు, అందుకని పని మీద కిందికి వెళ్లాను అనడం మొదలుపెట్టింది. అలా పన్ను పోయింది. ఆ తర్వాత ఒక్కొక్కటీ పోయాయి. ఉప్పు మూట పోయింది. అమ్మ దగ్గు పోయింది. మిగిలినవి నునుపెక్కాయి, ఏట్లో రాళ్లలాగా, ఏ చేతికైనా ఇమిడేటట్టు.

కిందటి చలికాలం ముందు ఒక కుర్ర జంట వచ్చి డికీ నడిపే లాడ్జిలో పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు ఆ పిల్ల అడిగింది, మీ అక్క మీలాగే ఉండేదా దిదీ అని. ఛోకి నోరు తెరిచింది. నోట్లోంచి వచ్చిన మాట, మా అక్క నవ్వితే ఈ లోయంతా వెలిగేది. కథలో మాట అది. పొయ్యి దగ్గర డికీ చటుక్కున తల తిప్పి చూసింది. యాంగ్చెన్ నవ్వడమా. పుట్టినప్పుడే గొణుక్కుంటూ పుట్టింది అనేది అమ్మ, బర్రె మీద గొణిగేది, తడి కట్టెల మీద గొణిగేది, తలుపు వెయ్యకుండా పోయే యాత్రికుల మీద గొణిగేది, పండగ పూట కూడా మూతి ముడుచుకుని అందరికన్నా ఎక్కువ తినేది. ఆ రోజు పక్క మీద పడుకుని ఛోకి అక్క మొహం కోసం వెతికింది. మూతి గుర్తుంది, ముడుచుకున్న మూతి అన్న మాట గుర్తుంది. మొహం రాలేదు. కథలో ఉన్న ఆడమనిషి ఒకతి వచ్చి లోయంతా వెలిగిస్తూ నవ్వింది, పో అంది ఛోకి, పో, నువ్వెవరు.

మలుపు వచ్చేసింది. కొండ పైనుంచి ఏటిదాకా బూడిదరంగు రాళ్లు, పెద్దవి ఇళ్లంత, చిన్నవి పిడికిలంత, మధ్యలో తొక్కి తొక్కి తెల్లబడిన దారి, దారి పక్కన గుర్తుకోసం పాతిన కర్రలు, కర్రలకి వెలిసిన గుడ్డ జెండాలు. రాళ్లకి అవతలి ఒడ్డున కొత్త ఊరి నీలం రేకులు. ఎండ అప్పుడే మాసిపోతోంది, లోయ కింది నుంచి తెల్లగా మబ్బు పాకుతోంది, మధ్యాహ్నం దాటాక రోజూ వచ్చేదే. ప్రబిన్ చదునుగా ఉన్న బండ మీద ఫోన్ నిలబెట్టి, దాని వెనక చిన్న రాయి ఆనించి, వంగి చూసుకుంటున్నాడు.

"దిదీ, ఇక్కడ నిలబడండి. వెనకాల ఆ మంచు కొండ వస్తుంది. ఆఁ, కొంచెం ఇటు. ఇంకొంచెం."

ఛోకి నిలబడింది. నిలబడమంటే నిలబడ్డం అలవాటు. సంచి దించింది, ఫొటో అంచు వేళ్లకి తగిలింది, ఆ రోజు మధ్యాహ్నం అనే మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది, దాని వెనక మిగతావన్నీ వరసలో నిలబడ్డాయి, ఒక్కటి కదిపితే అన్నీ వాటంతట అవే కదులుతాయి, తను లేకపోయినా కదులుతాయి, శబ్దం వస్తుంది, గాలి వస్తుంది, అడివి పడుకుంటుంది, అక్క నవ్వుతుంది. ఎంత అలసటగా ఉందంటే నోరు మూయడానికి కూడా బద్ధకంగా ఉంది.

"ఇవాళ చెప్పను," అంది.

ప్రబిన్ ఫోన్లోంచి తల ఎత్తాడు. "ఏంటి దిదీ?"

"ఇవాళ చెప్పను భాయి. అలిసిపోయాను."

"అలిసిపోతే కూర్చుని చెప్పండి, మాకేం తొందర లేదు. నీళ్లు తాగుతారా?"

"కూర్చున్నా చెప్పను."

అమ్మాయిలిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ప్రబిన్ మొహంలో ఆశ్చర్యం నెమ్మదిగా ఇంకోలా మారింది, బిల్లులో తేడా కనిపెట్టినవాడిలాగా.

"కానీ ప్రోగ్రాంలో ఉంది కదా దిదీ. మేం చూసే బుక్ చేసుకున్నాం. రాసి ఉంది."

"మన ఆఫీసులో రాసిందల్లా ఇచ్చేస్తున్నామా ప్రబిన్?" అంది వెనకనుంచి శకుంతలా మేడమ్, రాయి మీద కూలబడి బూటు తాడు వదులు చేసుకుంటూ.

అమ్మాయిలు పక్కుమన్నారు. నవ్వాక అలాంటి చోట నవ్వామని నోళ్లు మూసుకున్నారు. ప్రబిన్ మాత్రం నవ్వలేదు, చెవులు ఎర్రబడ్డాయి, ఫోన్ తీసి మెళ్లో వేసుకున్నాడు, సరే, చెప్పకపోతే చెప్పకపోయారు, ఫొటో అన్నా చూపించండి అనబోయి దాన్ని కూడా మింగేసి, విసవిసా ముందుకి నడిచాడు. "కర్రలున్న దారినే వెళ్లు భాయి," అని ఛోకి వెనకనుంచి అంది. విన్నాడో లేదో.

ఇంత తేలికా, అనుకుంది ఆమె సంచి మళ్లీ ఎత్తుకుంటూ. ఇన్నాళ్లూ ఈ రెండు ముక్కలు అనడానికేనా ఇంత బరువు మోశాను. కానీ తేలికేమీ అనిపించలేదు, సంచి అంతే ఉంది, మోకాళ్లు అంతే ఉన్నాయి, పైగా సుధీర్ దాయి మొహం ఒకటి వచ్చి చేరింది, బాధపడినట్టు కనుబొమలు పైకెత్తి, ఎందుకు ఛోకీ, మనుషులు ఎంత కదిలిపోతారో తెలుసా నీకు అంటుంది ఆ మొహం. తెలుసు దాయీ. కదిలిపోతారు, కదిలి పై ఊరికి వెళ్లి అక్కడి డెయిరీలో చీజ్ కొనుక్కుంటారు. వాళ్ల తప్పేముంది, యాత్రకొచ్చినవాళ్లు, ఒక రోజు ఏడుస్తారు, ఒక రోజు చీజ్ తింటారు, తనే కదా ప్రతిసారీ ఇక్కడ ఉండిపోయేది. అమ్మాయిలు చేతులు పట్టుకుని ముందు నడిచారు, ఆ వెనక మేడమ్, ఆ వెనక తను.  మేడమ్ తన కాళ్ల గురించి చెప్పింది, ఇంటి దగ్గర మేడ మెట్లు ఎక్కడానికే మధ్యలో ఆగుతానని, మా ఆయన పందెం కాశాడు బహినీ, నేను సగంలో తిరిగొచ్చేస్తానని, అందుకోసమైనా ఎక్కి చూపించాలి అని. ఛోకి ఊఁ కొడుతూ నడిచింది, ఊఁ కొట్టడం హాయిగా ఉంది, ఇంకొకరి ఇల్లు, ఇంకొకరి మెట్లు, అన్నీ ఇంకా నిలబడి ఉన్నవి.

ఒడ్డు చేరేసరికి మబ్బు మెడదాకా వచ్చేసింది. డికీ లాడ్జి గుమ్మంలో అమ్మాయిలు బూట్లు విప్పుతున్నారు, సామాన్లు మోసుకుని ముందే వచ్చిన ఫుర్బా దాయి అరుగు మీద బీడీ కాలుస్తున్నాడు. ప్రబిన్ బూట్లు లేవు.

"ఆ అబ్బాయేడీ?" అంది ఛోకి.

"మాకన్నా ముందే వచ్చాడు కదా దిదీ," అంది ఒకమ్మాయి, అంటూనే మొహం మారింది.

"నేను రానా?" అని ఫుర్బా దాయి లేవబోయాడు. "నువ్వు వీళ్లకి టీ పట్టించు, నాకు తెలుసు ఎటు పోయుంటాడో," అని ఛోకి సంచి అక్కడే పడేసి వెనక్కి తిరిగింది. నిజానికి తెలీదు. సంచి లేని వీపు మీద చెమట చల్లబడి ఒళ్లు జలదరించింది. రాళ్లలోకి దిగగానే కొండలు పోయాయి, ఏరు పోయింది, కర్ర తర్వాత కర్ర కనిపించడం కూడా కష్టంగా ఉంది. కర్రలున్న దారి కాక ఇంకో జాడ ఉంది, మేకలు నీళ్లకి దిగే జాడ, ఏటివైపు పోయి రాళ్లలో ఆగిపోతుంది, కొత్తవాళ్లు దాన్నే దారి అనుకుంటారు, కోపంగా నడిచేవాళ్లైతే మరీ. ఆమె దాని వెంట దిగింది. కాలు జారుతోంది. ఇక్కడ ఎవరిల్లు. పాత ఊళ్లో ఇంతదూరం వస్తే కుళాయి ఉండేది, కుళాయి దగ్గర బురద, బురదలో పలకరాళ్లు, ఒక రాయి కదిలేది, తెలిసినవాళ్లు దాని మీద కాలు పెట్టేవాళ్లు కాదు, తెలియని చుట్టాల కోసం పిల్లలు గోడ వెనక కాపు కాసి కూర్చునేవాళ్లు, చుట్టం బురదలో పడితే పారిపోయేవాళ్లు. ఇప్పుడు ఆ కుళాయి ఎంత లోతున ఉందో. ఇక్కడే ఉందో, ఏటి వైపు కొట్టుకుపోయిందో. కాళ్లు మాత్రం ఊరికే లెక్కలు వేస్తాయి, ఇప్పుడు పిన్ని వాళ్ల గడప, ఇప్పుడు పిండిమర, ఇప్పుడు ఎడమకి తిరగాలి, తిరిగితే బండ.

"ప్రబిన్," అని పిలిచింది.

తన గొంతే తనకి ఎదురొచ్చింది.  ఈ రాళ్ల మీద నిలబడి ఒక పేరు పెట్టి అరిచి ఎన్నాళ్లైంది. ఊరు పోయిన కొన్ని వారాల తరవాత కింది నుంచి అందరూ కలిసి ఎక్కి వచ్చినప్పుడు అరిచారు, ఎవరి పేరు వాళ్లు, మొదట ఒక్కొక్కళ్లూ, తర్వాత అందరూ ఒకేసారి, ఎవరి పేరు ఎవరు పిలుస్తున్నారో తెలియకుండా, సాయంత్రం దాకా, వినేవాళ్లు లేరని తెలిసి కూడా, అరవడం మానేస్తే ఏం చెయ్యాలో తెలియక. చివరికి ఒక ముసలాయన చాలు అన్నాడు. అందరూ మానేశారు. అప్పటి నుంచి ఇక్కడ ఎవరూ గట్టిగా పిలుచుకోరు, పిల్లలు బడికి పోయేటప్పుడు కూడా ఈ రాళ్లు దాటిందాకా గొంతులు తగ్గించి నడుస్తారు, ఎవరూ చెప్పకపోయినా. ఛోకి మళ్లీ నోరు తెరిచింది. తెరవడానికి చాలా కష్టపడింది.

"ప్రబిన్."

"దిదీ," అని వచ్చింది, కింది నుంచి, దగ్గర్నుంచే, చిన్నపిల్లవాడి గొంతులా.

ఆమె పక్కనున్న రాయి పట్టుకుంది. జవాబు వచ్చింది. ఈ రాళ్లలోంచి జవాబు వచ్చింది.  రాయి వదిలి కిందికి దిగింది.

అతను రెండు బండల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. దెబ్బలేం లేవు, ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. చేతిలో ఏదో ఉంది, సొట్టలు పడి, తుప్పు పట్టి, టీ కెటిల్ మూతలా ఉంది.

"నేను తియ్యలేదు దిదీ. కాలికి తగిలింది. పైకే ఉంది."

"అక్కడే పెట్టెయ్."

రెండు చేతులతో పెట్టాడు, పగిలిపోతుందేమో అన్నట్టు. తర్వాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంకా ఉన్నారా? కింద?"

"ఉన్నారు. కొందరు దొరికారు. చాలామంది దొరకలేదు."

అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు. "నేను ఇందాకట్నుంచి ఇటూ అటూ తొక్కుతున్నాను. గెంతుతున్నాను కూడా. దీని మీద నడవొచ్చా దిదీ?"

"నడవకపోతే ఎగురుతావా? ఊళ్లోకి దారి ఇదొక్కటే. అందరం నడుస్తాం. లే."

లేచాడు. ఆమె జాకెట్ అంచు పట్టుకున్నాడు, ఏమనుకుంటుందో అని వదిలేశాడు, "పట్టుకో," అంది, మళ్లీ పట్టుకున్నాడు. మెల్లగా ఎక్కారు. మొదటి కర్ర దొరికాక అన్నాడు, "ట్రెక్కింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి మీ మీద చెప్దామనుకున్నాను దిదీ. సిగ్నల్ లేదు. దాని కోసమే ఇటు దిగాను."

"లాడ్జిలో వస్తుంది, చేసుకో. నేనూ చెయ్యాలి సుధీర్ దాయికి."

"మీరెందుకు?"

"ఆ కథ ప్రోగ్రాంలోంచి తీసెయ్యమని."

 మబ్బులో అతని కొత్త బూట్లు కిర్రుమంటున్నాయి, ఇప్పుడు ప్రతి అడుగూ చూసుకుని వేస్తున్నాడు, ఆ జాగ్రత్త చూస్తే ఆమెకి విసుగూ జాలీ రెండూ కలిగాయి. పని పోతే పోతుంది, అనుకుంది. పోకపోవచ్చు కూడా, సుధీర్ దాయి గొణుగుతాడు, ఇంకెవరినైనా చూస్తాడు, ఊళ్లో ఇంకెవరో ఆ ఫొటో ఎత్తి పట్టుకుంటారు, వాళ్లకది కొత్తగా ఉంటుంది కొన్నాళ్లు. తను పప్పు వడ్డించి, మందులు పంచి, తాబేళ్ల వెనక నడుస్తుంది. అంతే చాలు. అంతే చాలా ఎక్కువ.

"ఆ రోజు నేనిక్కడ లేను," అంది, అతను అడక్కుండానే, తను చెప్పాలనుకోకుండానే. "పన్ను పీకించుకోడానికి కిందికి వెళ్లాను."

అతని ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. వెంటనే ఆగిపోయింది. "సారీ దిదీ."

"నవ్వొచ్చులే. మా అక్క ఇంకా ఎక్కువ వెక్కిరించింది. తలుపుకి దారం కట్టి పీకేస్తానంది."

"పీకేసేదా నిజంగా?"

ఛోకి ఆలోచించింది. ఇంతవరకూ ఎవరూ ఇది అడగలేదు. "పీకేసేది," అంది. "పీకేసి, తలుపు పాడైందని నన్నే తిట్టేది."

లాడ్జిలో పొయ్యి ఎర్రగా ఉంది. ప్రబిన్‌ని చూసి అమ్మాయిలిద్దరూ ఒకేసారి తిట్లందుకున్నారు, శకుంతలా మేడమ్ తన శాలువా తీసి అతని మీద పడేసింది. ఛోకి వంటింట్లోకి పోయి పొయ్యి పక్క పీట మీద కూలబడింది. బూట్లు విప్పే ఓపిక లేదు. డికీ మూకుట్లో నూనె పోస్తూ తల తిప్పకుండానే అడిగింది.

"చెప్పావా ఇవాళ?"

"లేదు."

 డికీ బంగాళాదుంపల గంపా, కత్తీ, ఒక పళ్లెం కాలితో ఆమె వైపు తోసింది. "అయితే చేతులు ఖాళీయేగా. తొక్కలు తియ్. సన్నగా తియ్, మీ అక్కలాగా సగం దుంప పారెయ్యకు."

"అక్క సన్నగానే తీసేది. మందంగా తీసేది నువ్వు."

"నేనా? యాంగ్చెన్ తీసిన తొక్కలు తిని మా దూడ బలిసింది ఆ ఏడాది, మర్చిపోయావా? మా అమ్మ ఆ తొక్కలు అడిగి మరీ పట్టుకుపోయేది."

"మీ అమ్మకి పిసినారితనం. తొక్కలు మామూలువే."

"మామూలువా," అంది డికీ, గరిటె ఆపి, నిజంగానే కోపం వచ్చి. "చచ్చినదాని గురించి అబద్ధాలు చెప్పకే."

 ఛోకి ఎన్నాళ్లైందో ఇలా ఎవరితోనైనా అక్క గురించి పోట్లాడి. అందరూ విని తల ఊపేవాళ్లే గానీ కాదు అన్నవాళ్లు లేరు. గుమ్మంలో ప్రబిన్ నిలబడి ఉన్నాడు, శాలువా కప్పుకుని, వేడినీళ్ల కోసం వచ్చినట్టున్నాడు, అడగడానికి మొహమాటపడుతున్నాడు. డికీ అతన్ని పైనుంచి కింది దాకా చూసి ఇంకో కత్తి తీసి చేతిలో పెట్టింది. "ఊరికే నిలబడకు, కూర్చో. నువ్వూ తియ్. మా ఊళ్లో తప్పిపోయినందుకు ఇదే నీకు జరిమానా."

అతను కింద మఠం వేసుకుని కూర్చుని ఒక దుంప తీసుకున్నాడు. ఇంటి దగ్గర ఎప్పుడూ కత్తి పట్టినవాడిలా లేడు. తొక్క ఇంత మందాన ఊడి పళ్లెంలో పడింది, డికీ చటుక్కున వంగి దాన్ని ఏరి ఛోకి మొహం ముందు పెట్టింది.

"ఇదిగో. ఇంత. మీ అక్క అచ్చం ఇంత."

"ఇంత కాదు," అంది ఛోకి.

"మరెంత?"

ఛోకి గంపలో దుంపల్లోకి చెయ్యి పెట్టి పెద్దది ఒకటి తీసింది. ఎడమ అరచేతిలో దాన్ని బోర్లించింది, బొటనవేలు పైకి లేపి ఉంచింది, కత్తి తన వైపుకి లాగకుండా బయటికి తోసింది, ఒక్క విసురు, మళ్లీ ఒకటి, పళ్లు బిగించి, పొయ్యిలో తడి కట్టెల్ని తిడుతున్నట్టు లోపల్లోపల గొణుక్కుంటూ. ఎక్కడ నేర్చుకుందో తెలియదు, తనెప్పుడూ అలా తియ్యదు, అలా తీసేది అక్క. ఊడిన తొక్క పళ్లెంలో పడి బొంగరంలా తిరిగి ఆగింది. దుంపలో పావు వంతు దానితోనే పోయింది.

డికీ ఆ తొక్కని తీసి పొయ్యి వెలుగులో పట్టుకుంది. మూకుట్లో నూనె కాగి పొగ లేస్తోంది, దాన్ని పట్టించుకోలేదు.

"అవును," అంది చివరికి. "ఇంతే."

ఛోకి ఇంకో దుంప తీసుకుంది.